చిన్న ఆయుధముల నియంత్రణ: విద్వత్పరిశోధన

హిరోషిమా, నాగసాకి నగరముల పిమ్మట యుద్ధమున మరి యొక్కసారియు ప్రయోగింపబడని అణ్వాయుధములను గూర్చి 1950వ దశాబ్ది నుండియు గ్రంథాలయములు నిండునంతటి వాఙ్మయము పెరుగుచు రాగా, అదే కాలమున కొరియా మొదలుకొని కాంగో వరకు ప్రతి యుద్ధమునందును మనుష్యులను నేలగూల్చుచు వచ్చిన రైఫిలును గూర్చి 1990వ దశాబ్ది వచ్చు వరకు విశ్వవిద్యాలయములు దాదాపు మౌనము వహించినవి. ఈ వైపరీత్యమునకు కారణము లేకపోలేదు. క్షిపణి పెద్దది, దానిని నిర్మించువారు కొద్దిమంది, ఉపగ్రహము ఆకాశము నుండి దానిని చూడగలదు, రెండు ప్రభుత్వములు ఎదురెదురుగా కూర్చుండి దాని లెక్క తేల్చుకొనగలవు. రైఫిలు గడ్డివామిలో దాగును, గాడిదపై సరిహద్దు దాటును, ఒక యుద్ధము ముగియగనే చేతులు మారి వేరొక యుద్ధమునకు పోవును, నూనె రాచి గుడ్డలో చుట్టి యుంచినచో యజమాని కంటె ఎక్కువ కాలము మన్నును. చిన్న ఆయుధముల నియంత్రణ పరిశోధన యనబడు విద్యాశాఖ చరిత్రలో అధిక భాగము, ఇట్లు దాగియున్న వస్తువును లెక్కించుటకు విద్వాంసులు పడిన పాట్ల చరిత్రయే.

ఈ శాఖలో నేడు ఎల్లరును వాడు నిర్వచనము 1997లో ఐక్యరాజ్యసమితి ప్రకటించిన ప్రభుత్వ నిపుణుల సంఘ నివేదికలోనిది. జపాను దౌత్యవేత్త మిత్సురో దోనోవాకి ఆ సంఘమునకు అధ్యక్షుడు. సైనిక ప్రమాణములకు అనుగుణముగ తయారైన వానిలో, ఒక వ్యక్తి తానొక్కడే మోసికొనిపోయి వాడదగినవి చిన్న ఆయుధములు: రివాల్వర్లు, పిస్తోళ్లు, రైఫిళ్లు, కార్బైనులు, అసాల్టు రైఫిళ్లు, తేలిక మెషిన్ గన్నులు ఈ కోవకు చెందును. కొందరు జట్టుగా కూడి వాడునవి తేలిక ఆయుధములు: బరువు మెషిన్ గన్నులు, గ్రెనేడు లాంచర్లు, ట్యాంకులను గాని విమానములను గాని కొట్టుటకు మోసికొని పోదగిన క్షిపణి లాంచర్లు, నాళపు వ్యాసము 100 మిల్లీమీటర్లకు లోబడిన మోర్టార్లు ఇందు చేరును. సంఘము తూటాలను, మందుగుండు సామగ్రిని గూడ పేర్కొన్నను తరువాతి ఒప్పందములలో కొన్ని వానిని విడిచిపెట్టినవి. తూటా లేని తుపాకి దుడ్డుకర్రతో సమానము గదా యని పరిశోధకులు పలుమారు ఆక్షేపించిరి. నిర్వచనమునకు వెలుపల నిలిచిపోయినవి మరికొన్ని కలవు. బీహారులోని ముంగేరు పరిసరములందు దొంగచాటుగ తయారగు నాటు తుపాకులు సైనిక ప్రమాణములను ఎరుగవు. మన రాయలసీమ కక్షలలో ప్రసిద్ధికెక్కిన వేటకొడవలియు నాటుబాంబును ఈ పట్టికలో ఏ మూలను కానరావు. ఏది ఆయుధమో నిర్ణయించినవారు సైన్యములను దృష్టియందుంచుకొనిరే గాని గ్రామములను గాదు.

నియంత్రణ ప్రయత్నము మాత్రము పరిశోధన కంటె చాల ప్రాచీనమైనది. 1890లో బ్రస్సెల్సు నగరమున సమావేశమైన రాజ్యములు బానిస వ్యాపార నిర్మూలనమును ముఖ్యోద్దేశముగ ప్రకటించుచు, ఆఫ్రికాలో ఉత్తర అక్షాంశము 20 డిగ్రీలకును దక్షిణ అక్షాంశము 22 డిగ్రీలకును నడుమనున్న విశాల భూభాగమునకు తుపాకుల దిగుమతిని నిర్బంధించినవి. అంతకు పండ్రెండేండ్ల పూర్వమే, 1878లో, వైస్రాయి లిట్టన్ ప్రభుత్వము భారతీయులు లైసెన్సు లేక ఆయుధము ధరింపరాదని చట్టము చేసెను; స్వతంత్ర భారతమున 1959 నాటి ఆయుధ చట్టము వచ్చువరకు అది చెల్లుచుండెను. తరువాత నానాజాతి సమితి 1924 మొదలు 1938 వరకు ఆయుధ వాణిజ్య గణాంకములను సంవత్సర గ్రంథములుగా ప్రచురించెను. ఈ పూర్వచరిత్రను తవ్వి తీసిన ఇటీవలి విమర్శకులలో నీల్ కూపర్ ముఖ్యుడు. పాలితుల చేతిలోని తుపాకిని ప్రమాదముగను, పాలకుల చేతిలోని తుపాకిని శాంతిభద్రతలుగను భావించు దృష్టి నాడును ఉండెననియు, మానవతావాదపు పేరిట నేడు సాగు నియంత్రణలో పెద్ద ఆయుధ వ్యాపారము విమర్శకు చిక్కక తప్పించుకొనుచున్నదనియు ఆయన వాదము. ఆయుధ చట్టపు అవమానమును స్వానుభవమున ఎరిగిన భారతీయ పాఠకునకు ఈ వాదము వింతగ తోపదు.

శీతల యుద్ధము ముగిసిన పిమ్మట అంతర్యుద్ధములు పెచ్చుపెరిగినపుడు ఈ విషయము విద్వాంసుల కంటబడెను. 1993లో ఆరన్ కార్ప్ జాతివైరములకు ఆయుధములెట్లు చేరుచున్నవో వ్రాసెను. అదే యేట లండనులో క్రిస్ స్మిత్ పాకిస్తాను, ఉత్తర భారతములందలి ఆయుధ వ్యాప్తిపై ఒక అధ్యయనమును వెలువరించెను. సోవియట్ సైన్యముపై పోరుచున్న అఫ్గాన్ ముజాహిదీనుల కొరకు అమెరికా పంపిన ఆయుధములు పాకిస్తాను గూఢచారి సంస్థ చేతుల మీదుగా పోవుచు దారిపొడుగున కారిపోయి, దర్రా ఆదంఖేల్ అంగళ్లలో అమ్ముడై, పంజాబు, కాశ్మీరములకు చేరిన వైనమును పరిశీలించిన ఆ రచన దక్షిణాసియా పరిశోధనకు పునాది యనవచ్చును. రావల్పిండి చెంత ఓజ్రీ శిబిరమున నిలువచేసిన ఆ ఆయుధరాశి 1988 ఏప్రిలు 10న ప్రేలి నగరముపై వర్షించినప్పుడు గాని అచట ఎంత సరుకున్నదో లోకమునకు తెలియలేదు. 1995లో అమెరికాలో జెఫ్రీ బౌట్‌వెల్, మైకేల్ క్లేర్ ప్రభృతులు సంకలించిన గ్రంథమును, ఢిల్లీలో జస్‌జీత్ సింగ్ సంపాదకత్వమున వచ్చిన సంపుటమును ప్రకటితములైనవి. 1999లో తారా కార్తా భారత భద్రతా దృష్టితో ఈ విషయమును విస్తరించి వ్రాసెను. ఈ విద్య పాశ్చాత్యుల సొత్తని తలంచువారు ఢిల్లీ సంపుటము వెలువడిన సంవత్సరమును గుర్తుంచుకొనవలెను.

ఐతే తొలి ప్రేరణ వచ్చినది పశ్చిమాఫ్రికా నుండి. 1993లో మాలీ దేశాధ్యక్షుడు ఆల్ఫా ఊమర్ కొనారే తన దేశమున పేరుకొనిన తుపాకులను ఏమి చేయవలెనో చెప్పుమని ఐక్యరాజ్యసమితిని అర్థించెను. మరుసటి యేట వెళ్లిన సలహా బృందము, ప్రజలకు భద్రత లేనిచోట ఆయుధము విడువుమనుట వ్యర్థమనియు, భద్రతయు అభివృద్ధియు కలిసి నడువవలెననియు తేల్చెను. తువారెగ్ తిరుగుబాటుదారులతో సంధి కుదిరిన పిమ్మట 1996 మార్చి 27న తింబక్తులో సుమారు 3,000 తుపాకులను బహిరంగముగ దహనము చేసిరి. నడుమ, 1995 జనవరిలో, ప్రధాన కార్యదర్శి బుత్రోస్ బుత్రోస్ ఘాలీ తన నివేదికలో ‘సూక్ష్మ నిరాయుధీకరణ’ యను మాటను ప్రయోగించెను. శాస్త్రమునకు పేరు దొరికినది; ధనము తరువాత వచ్చినది. 1999లో జెనీవాలోని అంతర్జాతీయ అధ్యయన సంస్థలో కీత్ క్రౌజ్ చేతులమీదుగ స్మాల్ ఆర్మ్స్ సర్వే స్థాపింపబడెను. 2001 నుండి 2015 వరకు వెలువడిన దాని వార్షిక సంపుటములు ఈ శాఖకు పంచాంగముల వలె ఉపకరించినవి. స్విట్జర్లాండు మున్నగు ప్రభుత్వములు ధనమిచ్చుటయు, ఆ ప్రభుత్వములే ఫలితములను దౌత్యసభలలో ఉపయోగించుటయు, నిరాయుధ ప్రచారకులును పరిశోధకులును ఒకే బల్లకు ఇరువైపుల కూర్చుండుటయు వలన ఈ విద్య త్వరితగతిని పెరిగెను. పోషకుడు అడుగని ప్రశ్న చిరకాలము అడుగబడక మిగులుట యను దోషము కూడ ఆ పోషణతోడనే వచ్చినది.

ప్రపంచమున తుపాకులెన్ని? ఈ సులభమైన ప్రశ్నకు స్మాల్ ఆర్మ్స్ సర్వే 2001లో కనీసము 55 కోట్లనియు, 2002లో దాదాపు 64 కోట్లనియు, 2007లో 87.5 కోట్లనియు సమాధానమిచ్చెను. 2018లో ప్రకటించిన అంచనా 100 కోట్లను దాటెను: పౌరుల చేతులలో 85.7 కోట్లు, సైన్యముల యొద్ద 13.3 కోట్లు, పోలీసుల యొద్ద 2.27 కోట్లు. సామాన్య పాఠకుడు ఈ అంకెలను వరుసగ చదివి తుపాకులు ఇంత వేగమున పెరుగుచున్నవా యని విస్తుపోవును. పెరిగినది తుపాకులు మాత్రమే కాదు, లెక్కించువాని చూపు కూడ. ప్రభుత్వముల రిజిష్టర్లు, ఇంటింటి సర్వేలు, నిపుణుల అంచనాలు, పొరుగు దేశములతో పోలిక యను నాలుగు విధముల ఆధారములను కూర్చి ఈ మొత్తములు కట్టబడుచున్నవి. అమెరికా సంయుక్త రాష్ట్రములలో 100 మందికి 120.5 తుపాకులనునది కొంత గట్టి నేలపై నిలిచిన అంకె. భారతదేశపు పౌరుల చేతిలో 7.11 కోట్లున్నవనుటలో లైసెన్సుతో నమోదైనవి 97 లక్షలు మాత్రమే, శేషమంతయు ఊహ. ఊహ తప్పని చెప్పుటకు వీలులేదు, సరియని చెప్పుటకును వీలులేదు. ఒకసారి అచ్చుపడిన తరువాత మాత్రము అది పత్రికల నిండ సత్యమై తిరుగును.

సూటిగ లెక్కింపరానిదానిని నీడను బట్టి కొలుచుట ఈ శాఖలోని అందమైన అధ్యాయము. అమెరికాలో ఇంట తుపాకి ఉన్నదా యని అడిగినచో సత్యము చెప్పువారు అందరును గారు గనుక, ఫిలిప్ కుక్, డెబొరా అజ్రెయిల్ మున్నగువారు ఒక ప్రాంతమునందలి ఆత్మహత్యలలో తుపాకితో జరిగినవి ఎన్నవ వంతో చూచి, ఆ నిష్పత్తి ఇంటింటి తుపాకుల వ్యాప్తితో మిక్కిలి సరిపోవుచున్నదని నిరూపించిరి. మార్క్ డగ్గన్ 2001లో ఒక తుపాకుల పత్రిక యొక్క చందాదారుల సంఖ్యనే కొలబద్దగ గ్రహించెను. అంతర్జాతీయ వాణిజ్యమునకు సుంకపు పట్టికలు ఆధారము. దిగుమతి ఎగుమతుల సంకేత పట్టికలో 93వ అధ్యాయము ఆయుధములది; ఓస్లోలో 1997 చివర నెలకొన్న నార్వే పరిశోధన ప్రయత్నము ఆ అధ్యాయమును ఆసాంతము జల్లించెను. ఒక దేశము పంపితినని వ్రాసినది, వేరొక దేశము పుచ్చుకొంటినని వ్రాసినదానితో సరిపోలకపోవుట అందు సామాన్యము. అధికారిక వ్యాపారపు విలువ 2012 నాటికి ఏటేట కనీసము 850 కోట్ల డాలర్లని సర్వే తేల్చెను. అంతకుముందు చెప్పుచు వచ్చినది 400 కోట్లు.

ధరను చదువుట మరియొక మార్గము. ఫిలిప్ కిలికోట్ 2007లో అనేక దేశముల నుండి కలాష్నికోవ్ రైఫిలు వెలలను సేకరించి, ఆఫ్రికాలో అది ఇతర ఖండముల కంటె చౌకగ దొరకుటకు సరిహద్దులు పలుచనై యుండుట ముఖ్య హేతువని వాదించెను. కోడిపెట్ట వెలకు కలాష్నికోవ్ దొరకునను కథ పత్రికలలో పలుమారు వినవచ్చును. సంతలో నిలువబడి బేరమాడి వ్రాసికొన్న వెలలు ఆ కథకు బలము చేకూర్చలేదు. యుద్ధము సమీపించునపుడు వెల ఎగబ్రాకుటయు, సంధి కుదిరినచో దిగుటయు ధాన్యపు వ్యాపారికి తెలిసినంత సహజముగ ఈ వ్యాపారికిని తెలియును.

మృతుల లెక్కలో పరిశోధన తన్ను తానే దిద్దుకొన్నది. ఏటేట కనీసము 5 లక్షల మంది, వారిలో 3 లక్షలు యుద్ధములలో, 2 లక్షలు శాంతి ప్రదేశములలో, చిన్న ఆయుధములచే మరణించుచున్నారని 2001లో ప్రకటించిన అంకె, నిమిషమునకొక ప్రాణమను నినాదమై ప్రచారములో కెక్కెను. సాయుధ హింసను గూర్చిన 2006 జెనీవా ప్రకటన ననుసరించి 2008లో వచ్చిన నివేదిక ఆ నిష్పత్తిని తలక్రిందులు చేసినది: ఏ ఆయుధముచే నైనను సరే, యుద్ధములలో నేరుగ చంపబడువారు సంవత్సరమునకు సుమారు 52,000, యుద్ధము లేనిచోట హత్యకు గురియగువారు సుమారు 4.9 లక్షలు. అనగా సమస్య రణరంగమున కంటె వీధిలోను, ఇంటిలోను ఎక్కువగ నున్నది. వైద్యులు దీనిని ముందే పసిగట్టియుండిరి. డేవిడ్ మెడింగ్స్ 1997లో అఫ్గానిస్తానము నందలి కందహార్ ఆసుపత్రి రికార్డులను పరిశీలించి, పోరు ఆగిన తరువాత ఆయుధ గాయములు మూడింట ఒక వంతు మాత్రమే తగ్గినవని చూపెను. యుద్ధము పోయినను తుపాకులు ఊరనే నిలిచినవి. రెడ్ క్రాస్ సంఘము 1999లో ఆయుధ లభ్యతను గూర్చి చేసిన అధ్యయనమునకు ఇట్టి ఆసుపత్రి చిట్టాలే ఆధారము.

అమెరికాలో వైద్య పరిశోధన రాజకీయములతో ఢీకొనెను. ఇంట తుపాకి ఉంచుకొనుట వలన హత్యాపాయము పెరుగునని ఆర్థర్ కెలర్‌మన్ 1993లో ప్రకటించిన పిమ్మట, 1996లో కాంగ్రెసు వ్యాధి నియంత్రణ కేంద్రపు ధనమునుండి 26 లక్షల డాలర్లను తొలగించెను. తుపాకి గాయముల పరిశోధనకు అది అంతకు ముందటేడు వెచ్చించినదియు అంతే మొత్తము. ఇరువది సంవత్సరములకు పైబడి ఆ ప్రవాహము ఎండియుండి, 2019 డిసెంబరులో 2.5 కోట్ల డాలర్లతో తిరిగి మొదలైనది. ఈ నడుమ తుపాకులెక్కువైనచో నేరములు తగ్గునని జాన్ లాట్ వ్రాసిన పుస్తకముపై చెలరేగిన వాదము ఒక తరమును మ్రింగెను. జాతీయ పరిశోధక మండలి 2004లో ఆ వాదమును నిర్ధరించుటకు గాని ఖండించుటకు గాని సాక్ష్యము చాలదని తేల్చెను.

ఏ ఉపాయము ఫలించును? ఈ ప్రశ్నకు సమాధానములు ప్రదేశమును బట్టి మారుచున్నవి. ఆస్ట్రేలియాలో 1996 ఏప్రిలు 28న పోర్ట్ ఆర్థరులో ఒక దుండగుడు 35 మందిని కాల్చిచంపిన తరువాత ప్రభుత్వము దాదాపు 6.5 లక్షల తుపాకులను వెలయిచ్చి కొని నాశనము చేసినది. అంతకు పూర్వపు 18 సంవత్సరములలో 13 సామూహిక హత్యాకాండలు జరుగగా, తదుపరి పది సంవత్సరములలో ఒకటియు జరుగలేదని 2006లో సైమన్ చాప్‌మన్ బృందము చూపెను; తుపాకి మరణములు ఈ చర్యకు ముందే తగ్గుచుండెనని ప్రతివాదులు పలికిరి. అల్బేనియాలో 1997లో మోసపు పెట్టుబడి సంస్థలు కూలగా ప్రజలు సైనికాగారములను పగులగొట్టి అయిదు లక్షలకు పైగా తుపాకులను తరలించుకొనిపోయిరి. గ్రాంష్ జిల్లాలో వ్యక్తులకు రొక్కమీయక, ఊరంతయు ఆయుధములు అప్పగించినచో ఊరికి రోడ్డు, టెలిఫోను వంటివి కల్పింతుమను పద్ధతిని ప్రయత్నించిరి. సుమారు 6,000 ఆయుధములు చేరినవి. పోయినవానితో పోల్చిన ఇది సముద్రమున కాకిరెట్ట. ఐనను రొక్కమిచ్చుచో బజారులో క్రొత్త తుపాకులకు గిరాకి పెరుగునను దోషమునకు విరుగుడుగ ఈ ప్రయోగము పాఠ్యగ్రంథములలో చేరెను. మొజాంబిక్‌లో క్రైస్తవ మండలి 1995 నుండి తుపాకికి బదులు సైకిలు, కుట్టుమిషను, నాగలి ఇచ్చెను. అట్లు వచ్చిన తునకలతో క్రిస్తోవావ్ కన్యవాతు అను శిల్పి చేసిన సింహాసనము నేడు బ్రిటిష్ మ్యూజియమున కలదు.

విఫల ప్రయోగములే అధిక బోధకములు. ఉగాండాలోని కారమోజ పశుపాలకుల నుండి 2001 చివర తుపాకులను సేకరింప నారంభింపగా, ముందు అప్పగించిన తెగ పశువులను అప్పగింపని పొరుగువారు తోలుకొని పోయిరి. జేమ్స్ బెవన్, కెన్నెడీ మ్కుటు 2008లో వేర్వేరుగ వ్రాసిన గ్రంథములు ఆ ప్రాంతపు తుపాకి సమస్యను తెగల భద్రతతోడను, పాలన లోపముతోడను ముడివెట్టి విచారించినవి: పోలీసు రానిచోట తుపాకియే పోలీసు, దానిని తీసికొనువాడు ముందుగ పోలీసును నిలుపవలెను. 1994లో మాలీలో సలహా బృందము చెప్పినదియు ఇదే. సియెర్రా లియోన్‌లో మాజీ సైనికుల పునరావాస పథకములో చేరినవారిని, చేరనివారిని పోల్చిచూచిన మకార్టన్ హంఫ్రీస్, జెరెమీ వైన్‌స్టీన్ ఆ పథకము సమాజమున తిరిగి కలియుటకు తోడ్పడినట్లు సాక్ష్యము కానరాలేదని 2007లో వ్రాసిరి. కోట్ల డాలర్లు వెచ్చించినవారికి అది రుచింపలేదు. బ్రెజిలులో తుపాకుల విక్రయమును నిషేధింతుమా యని 2005 అక్టోబరు 23న ప్రజలనే అడుగగా నూటికి 64 మంది వలదనిరి. పరిశోధకుల అంకెలు భయము ముందు నిలువలేదు.

ఈ శతాబ్దమున పరిశోధన మొత్తముల నుండి ఒక్కొక్క తుపాకి జీవితచరిత్ర వైపు మరలినది. ఈ వ్యాసకర్త దృష్టిలో దాని గట్టి విజయము లిచ్చటనే యున్నవి. 2011లో ఏర్పడిన కాన్ఫ్లిక్ట్ ఆర్మమెంట్ రీసెర్చ్ వారు యుద్ధభూమికి పోయి, చేజిక్కిన ప్రతి ఆయుధపు క్రమసంఖ్యను, తూటా అడుగున ముద్రించిన కర్మాగార చిహ్నమును వ్రాసికొని, తయారుచేసిన దేశమునకు జాబు వ్రాసి, అమ్మినది ఎవరికని అడుగుదురు. ఇరాకు, సిరియాలలో ఇస్లామిక్ స్టేట్ ముఠా నుండి లభించిన 40,000కు పైబడిన వస్తువులను ఇట్లు పరిశీలించి 2017 డిసెంబరులో వారు వెలువరించిన నివేదిక, తూర్పు ఐరోపాలో కొనబడి అమెరికా, సౌదీ అరేబియాల మీదుగ సిరియా తిరుగుబాటుదారులకు చేరిన ఆయుధములు ముఠా చేతికి జారిన వైనమును బట్టబయలు చేసెను. ఒక ట్యాంకు విధ్వంసక క్షిపణి కర్మాగారము వెడలిన రెండు నెలలలోపే ముఠా యొద్దనుండెను. కొనువాడు మరొకరికి ఇయ్యనని సంతకము చేసిన పత్రముల విలువ ఎంతయో దీనివలన తెలిసినది. ప్రభుత్వాగారముల నుండియే ఆయుధములు జారుట మనకును పరిచితమే: ఆంధ్ర సరిహద్దున ఒడిశాలోని కోరాపుట్ జిల్లా ఆయుధాగారమును 2004 ఫిబ్రవరి 6న నక్సలైట్లు కొల్లగొట్టిరి. నిలువల దుర్వ్యవస్థకు ఇంకొక ముఖము ప్రేలుడు. 2002 జనవరి 27న లాగోస్ నగరపు ఇకెజా కంటోన్మెంటులో ఆయుధాగారము ప్రేలగా వేయిమందికి పైగా మరణించిరి.

శాసనములను గూర్చి క్లుప్తముగ చెప్పవచ్చును. 2001 జూలైలో న్యూయార్కున అంగీకరింపబడిన ఐక్యరాజ్యసమితి కార్యాచరణ ప్రణాళిక అక్రమ వ్యాపారమునకే పరిమితమైనది. పౌరుల స్వాధీనమును, ప్రభుత్వేతర దళములకు సరఫరాను స్పృశింపరాదని అమెరికా పట్టుపట్టుటచే ఆ రెండును తొలగెను. ఆయుధముల గుర్తింపు ముద్రలను గూర్చిన ఒప్పందము 2005 డిసెంబరులో అంగీకరింపబడెను. దానికి పూర్వరంగమైన నిపుణుల సంఘమునకు భారత దౌత్యవేత్త రాకేష్ సూద్ అధ్యక్షత వహించెను. 2013 ఏప్రిలు 2న ఆయుధ వాణిజ్య సంధి 154 ఓట్లతో నెగ్గెను. ఇరాను, ఉత్తర కొరియా, సిరియా వ్యతిరేకింపగా భారతము సహా 23 దేశములు తటస్థముగ నుండినవి. ఎగుమతి చేయు దేశములకు అనుకూలమై, ఉగ్రవాదులకు చేరు ఆయుధములపై బలహీనమై యున్నదని మన ప్రభుత్వ వాదము. ఈ ఒప్పందములు హింసను తగ్గించినవా యను ప్రశ్నకు పరిశోధకులలో ఏకాభిప్రాయము కుదురలేదు.

2015లో ఐక్యరాజ్యసమితి నిర్ణయించిన సుస్థిరాభివృద్ధి లక్ష్యములలో, పట్టుబడిన ఆయుధములలో ఎన్నింటి మూలము తెలిసికొనబడినదో చెప్పు సూచిక ఒకటి చేరినది. ఆ సూచికకు ప్రాణము తుపాకిపై చెక్కిన సంఖ్య. కాని 2013 మే నెలలో ప్లాస్టికు పొరలతో ముద్రించిన పిస్తోలు నమూనా లోకమునకు వెల్లడియైన నాటి నుండి ఇంట తయారగు తుపాకికి సంఖ్యయే యుండదు. కర్మాగారములలో చేయు తుపాకులకు గూడ పాలిమరు చట్రములు వచ్చుటచే ముద్ర సులభముగ చెరిగిపోవుచున్నది. ఇక విడిభాగములను ఇచ్ఛానుసారము మార్చుకొనదగిన నేటి రైఫిళ్లలో, ఉదయము ఒక నాళముతో, సాయంకాలము వేరొక నాళముతో నున్న దానిలో ఏ భాగమును తుపాకి యని నమోదు చేయవలెనో, ఒకటిగ లెక్కింపవలెనో రెండుగ లెక్కింపవలెనో, నిపుణులు ఇంకను వాదించుకొనుచున్నారు.